పై దవడపన్నుకు రూట్ కెనాలా? కుర్చీ ఎక్కేముందు ఇవి చూసుకోండి

సంక్రాంతికి కడప వచ్చినప్పుడే పంటి పని కూడా ముగించుకుందాం అనుకునేవాళ్లు చాలామంది. కింది పన్నైతే ఈ గొడవ లేదు. పైవరుస వెనక పళ్లకే సైనస్‌తో (ముక్కు పక్కన, బుగ్గ ఎముకలో ఉండే గాలి గది) పేచీ.

• వేరు కొస సైనస్‌కు ఎంత దగ్గరుందో ఎక్స్‌రేలో చూపించమనండి. మధ్యలో కొందరికి పలుచని ఎముక, కొందరికి పొర మాత్రమే ఉంటుంది. వేరు నింపే గట్టాపెర్చా (రబ్బరు లాంటి పదార్థం), సీలర్ (దాన్ని అతికించే పేస్ట్) కొస దాటి సైనస్‌లో పడితే ఇన్ఫెక్షన్ రావచ్చు, తీయడానికి ఆపరేషన్ దాకా పోవచ్చు. జింక్ ఆక్సైడ్ యూజినాల్ సీలర్ చేరినచోట ఆస్పర్‌జిల్లస్ ఫంగస్ ముద్దకట్టిన కేసులూ ఉన్నాయి. ఎక్స్‌రేలో తేలకపోతే సీబీసీటీ (పంటిని 3డీలో చూపే) స్కాన్ అడగండి, ఖర్చని వెనకాడొద్దు.

• వేరు పొడవు అపెక్స్ లొకేటర్‌తో (వేరు కొసను కనిపెట్టే పరికరం) కొలుస్తారా అని అడగండి. కొలత తప్పితే నింపే పదార్థం కొస దాటిపోవచ్చు.

• వేరు లోపల కడిగేటప్పుడు ఉన్నట్టుండి మంట, ముక్కులో ఘాటు, నెత్తురు వస్తే వెంటనే చెయ్యెత్తండి. కడిగేది సాధారణంగా సోడియం హైపోక్లోరైట్‌తో, అది బ్లీచింగ్ ద్రవం లాంటిదే.

• జలుబు, సైనస్ నొప్పి ఉంటే ముందే చెప్పండి. సైనస్ వాచినా పైవరుస వెనక పళ్లు నొప్పెట్టొచ్చు. మంచి పన్నుకు రూట్ కెనాల్ ఎందుకు?

• పని ముందు, తర్వాత ఎక్స్‌రేలు ఫోన్లో దాచుకోండి. నెలల తర్వాత ఒకవైపు ముక్కే కారుతూ చెడువాసన వస్తే, ఈఎన్‌టీ డాక్టర్‌కు పంటి సంగతి మనం చెబితేనే తెలుస్తుంది. రెండో అభిప్రాయానికి కడపలోనే ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది.