సుంకం మినహాయింపుపై అభిప్రాయం అడిగితే అర్జీ రాయకండి

న్యూజెర్సీలో మాది చిన్న దిగుమతి వ్యాపారం. చెన్నై నుంచి తోలు హ్యాండ్‌బ్యాగులు తెప్పిస్తాం. కస్టమ్స్ కాగితాలన్నీ నా నెత్తినే. జీఎస్పీ (వర్ధమాన దేశాల సరుకు కొన్నింటికి అమెరికా దిగుమతి సుంకం తీసేసే పథకం) కింద ఇండియాకున్న సుంకం మినహాయింపును సమీక్షిస్తామని 2018 ఏప్రిల్‌లో అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం ప్రకటించింది, జనం అభిప్రాయాలూ అడిగింది. నేను రెండు పేజీలు రాసి పంపాను. మా వ్యాపారం కుదేలవుతుంది, దయచేసి తీసేయకండి అని. ఇప్పుడు చదువుకుంటే కలెక్టరాఫీసులో పెట్టే అర్జీలా ఉంది.

ఆ కార్యాలయం వాళ్లు ప్రధానంగా చూసేది మినహాయింపు పొందే దేశం చట్టంలోని షరతులు పాటిస్తోందా లేదా అని. 2020 చివర్లో గడువు ముగిసిన జీఎస్పీలో మార్కెట్ ప్రవేశం (అమెరికా సరుకును తమ దేశంలోకి రానివ్వడం), కార్మిక హక్కులు, మేధో సంపత్తి వంటివి ఉండేవి. ఆఫ్రికా దేశాలకిచ్చే ఇలాంటి పథకం ఆగోవాలో అయితే చట్టబద్ధ పాలన, అవినీతి కట్టడి, మానవ హక్కులు కూడా. అందుకే ముందు అమెరికా ప్రభుత్వ గెజిట్ ఫెడరల్ రిజిస్టర్‌లో వచ్చిన నోటీసు చివరిదాకా చదవండి. ఏ దేశం, ఏ షరతు, గడువెప్పుడు, డాకెట్ నంబరు (ఆ సమీక్ష ఫైలు నంబరు) ఎంత అన్నీ అందులోనే ఉంటాయి.

ఇండియా విషయంలో తగువు ముఖ్యంగా గుండెకు వేసే స్టెంట్ల దగ్గర, పాల దగ్గర. 2017 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వం మందు పూసిన స్టెంటుకు 29,600 రూపాయల గరిష్ఠ ధర పెట్టింది. పాల ఉత్పత్తులకేమో, జంతు అవయవాలు కలిసిన దాణా తినని పశువులవేనని ధ్రువపత్రం కావాలంది. అమెరికా వైద్య పరికరాల కంపెనీల సంఘం, పాడి సంఘాలు, మార్కెట్ ప్రవేశానికి అడ్డమంటూ పిటిషన్లు వేసింది వీటి మీదే. నా రెండు పేజీల్లో స్టెంటూ లేదు, పాలూ లేవు! 2019 జూన్ 5 నుంచి ఇండియాకు మినహాయింపు పోయింది. నా ఉత్తరం బాగుంటే ఆగేదని కాదు గానీ, అడిగినదానికి జవాబు చెప్పానన్న తృప్తయినా మిగిలేది.

షరతు గురించి రాశాకే మీ నష్టం లెక్క. "తీవ్రంగా నష్టపోతాం" అంటే ఎవరికీ ఏమీ తెలీదు. ఇలా రాయండి: "28 డాలర్ల బ్యాగు మీద 9 శాతం సుంకమంటే 2 డాలర్ల 52 సెంట్లు. అది కట్టేది ఇండియా కాదు, ఇక్కడి దిగుమతిదారులమైన మేము." ముందు మీ సరుకుకు, మినహాయింపు లేకపోతే పడే మామూలు సుంకం ఉందో లేదో చూసుకోండి. ఏటికొప్పాక బొమ్మలు తెప్పించే మా స్నేహితురాలు అప్పట్లో ఊరికే కంగారుపడింది. బొమ్మలకు అప్పుడు అసలు సుంకమే ఉండేది కాదు.

ఎదుటి పక్షమూ రాస్తుందని మరవకండి. రువాండా పాతబట్టల మీద సుంకం పెంచితే, అమెరికాలోని పాతబట్టల వ్యాపారుల సంఘం పిటిషన్ వేసింది. 2018 జులైలో రువాండా దుస్తులకు ఆగోవా మినహాయింపు ఆగిపోయింది.

ఇక పంపడం. నోటీసులో చెప్పిన ప్రభుత్వ సైట్లో (నేను పంపినప్పుడు అది రెగ్యులేషన్స్ డాట్ గవ్) డాకెట్ నంబరు కొట్టి, ఇంగ్లిష్‌లో రాసిన ఫైలు ఎక్కించాలి. ఎక్కించింది లోకమంతా చదువుతుంది. నేను ఆధారంగా ఇన్‌వాయిసు జతచేశాను. మూడు వారాలకు పోటీ వ్యాపారి ఒకాయన ఫోన్ చేసి, "ఏమ్మా, ఇరవై ఎనిమిదికే దొరుకుతున్నాయా మీకు?" అన్నాడు. ధరలు దాచుకోవాలంటే రెండు ఫైళ్లు చెయ్యాలి. రహస్య ప్రతి పేరు 'బీసీ' అక్షరాలతో, అంకెలు తీసేసిన బహిరంగ ప్రతి పేరు 'పీ'తో మొదలవ్వాలి. సరిగ్గా ఎలా పెట్టాలో నోటీసులోనే ఉంటుంది. నేను ఆ పేరా చదవలేదు, అంతే.

సబ్మిట్ నొక్కగానే వచ్చే ట్రాకింగ్ నంబరు రాసిపెట్టుకోండి. మీ ఉత్తరం వెంటనే సైట్లో కనబడదు. కనబడలేదని నాలా మళ్లీ మళ్లీ పంపకండి.