ఏ కోడెక్ గొప్పదో వాదించే ముందు మీ ఫోన్‌లోనే తేల్చుకోండి

ఆపిల్ ఎయిర్‌పాడ్స్ వాడేవాళ్ళూ, ఎల్‌డాక్ అనే కోడెక్ (పాటను కుదించి పంపే పద్ధతి) ఉన్న సోనీ హెడ్‌ఫోన్స్ వాడేవాళ్ళూ ఒకచోట చేరితే వాదన ఎప్పుడూ ఒకే దారిలో పోతుంది. ఒకరు 990 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) అంటారు, ఇంకొకరు ఆపిల్ హెచ్2 చిప్ అంటారు, కానీ తమ ఫోన్‌లో ఈ క్షణాన ఏ కోడెక్ నడుస్తోందో ఇద్దరిలో ఎవరూ చూసి ఉండరు. ఇయర్‌ఫోన్స్ మీద పదివేలో ఇరవై వేలో పెట్టే ముందు ఈ సంగతి మీరే తేల్చుకోవచ్చు. మీ ఫోను, సాయానికి ఒక మనిషి, ఓ గంట ఖాళీ ఉంటే చాలు.

కొంచెం లెక్క తెలిసి ఉంటే మిగతాది సులువు. సీడీలో ఉన్న పాట సెకనుకు 1411 కిలోబిట్లు. బ్లూటూత్ మీద అంత డేటా తెగకుండా పంపడం కష్టం కాబట్టి ఫోన్ దాన్ని కుదించి పంపుతుంది, ఇయర్‌బడ్స్‌లోని చిప్ దాన్ని మళ్ళీ విప్పుతుంది. ఈ కుదించి విప్పే పద్ధతే కోడెక్. బ్లూటూత్‌లో పాటలు వినిపించే ప్రతి పరికరంలో ఎస్‌బీసీ అనే కోడెక్ ఉండి తీరాలి, అది రూలు. మిగతావన్నీ అదనం: ఆపిల్ వాడే ఏఏసీ, క్వాల్కమ్ చేతిలో ఉన్న ఆప్ట్‌ఎక్స్, సోనీ 2015లో తెచ్చిన ఎల్‌డాక్, శామ్‌సంగ్ తన ఫోన్లకూ తన బడ్స్‌కూ మాత్రమే పెట్టుకున్న సీమ్‌లెస్ కోడెక్. వీటిలో ఏది నడవాలన్నా రెండు వైపులా అదే ఉండాలి. లేకపోతే రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదానికి, ఏదీ లేకపోతే ఎస్‌బీసీకి దిగిపోతుంది, మీకు ఒక్క మాట కూడా చెప్పదు. డబ్బా మీద ఎల్‌డాక్ స్టిక్కర్ ఉన్న హెడ్‌ఫోన్స్ కొని ఐఫోన్‌కి తగిలిస్తే నడిచేది ఏఏసీనే. ఐఫోన్‌లో ఎల్‌డాక్ లేదు, ఆప్ట్‌ఎక్స్ లేదు.

అందుకే మొదట చేయాల్సింది అసలు ఏది నడుస్తోందో చూడటం. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి 'అబౌట్ ఫోన్'లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కండి, డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి (షావోమీ ఫోన్లలో బిల్డ్ నంబర్ బదులు ఓఎస్ వెర్షన్ మీద నొక్కాలి). ఇయర్‌ఫోన్స్ కనెక్ట్ చేసి, పాట నడుస్తుండగా అక్కడ 'బ్లూటూత్ ఆడియో కోడెక్' తెరవండి. ఇప్పుడు ఏది నడుస్తోందో, ఇంకా ఏవి ఎంచుకోవచ్చో కనిపిస్తుంది. పాట ఆపి చూస్తే కొన్ని ఫోన్లు సరిగ్గా చూపించవు. ఎల్‌డాక్ ఉంటే దాని నాణ్యత సెట్టింగ్ కూడా అక్కడే ఉంటుంది: 330, 660, 990 కిలోబిట్లు, లేదా సిగ్నల్‌ని బట్టి దానంతటదే మారేది. మామూలుగా ఉండేది ఈ చివరిదే. అంటే ఎల్‌డాక్ అని కనిపించినంత మాత్రాన 990 వస్తున్నట్టు కాదు, వైఫైలు కిక్కిరిసిన అపార్ట్‌మెంట్‌లోనో మెట్రోలోనో అది చాలా కిందికి దిగి ఉండొచ్చు. కావాలని 990కి బిగించేసి రద్దీ స్టేషన్‌లో నడిచి చూడండి, పాట తెగడం మీకే తెలుస్తుంది. మాట్లాడుకునేటప్పుడు అందరూ పై అంకెనే పట్టుకుంటారు, వినేటప్పుడు దొరికేది మాత్రం ఆ చోట గాలిలో సిగ్నల్‌కి ఎంత ఖాళీ ఉంటే అంతే.

రెండో పరీక్ష కళ్ళకు గంతలు కట్టుకుని వినడం. నా దృష్టిలో మొత్తం వాదనలో విలువైన భాగం ఇదొక్కటే, జనం చేయనిదీ ఇదే. ఇంట్లో తమ్ముడినో స్నేహితురాలినో కూర్చోబెట్టి ఫోన్ వాళ్ళ చేతికివ్వండి. ఎస్‌బీసీ, ఎల్‌డాక్ (మీ ఇయర్‌ఫోన్స్‌లో ఏది ఉంటే అది) రెండింటిలో ఏది పెట్టాలో వాళ్ళు నాణెం ఎగరేసి తేల్చాలి, మీకు స్క్రీన్ కనిపించకూడదు. కోడెక్ మార్చినప్పుడు పాట ఒక్క క్షణం ఆగుతుంది, ఆ ఆగడాన్ని బట్టి మీరు ఊహించేస్తారు, కాబట్టి మార్చినా మార్చకపోయినా ప్రతిసారీ పాటని పాజ్ చేసి మళ్ళీ నడపమని చెప్పండి. వాల్యూమ్ కదపకూడదు. ఏ మాత్రం ఎక్కువ సౌండ్ వచ్చినా చెవికి అదే మెరుగ్గా అనిపిస్తుంది, పోలికలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. పదిసార్లు వినండి, ప్రతిసారీ ఏది అనిపించిందో కాగితం మీద రాయండి. ఊరికే గుడ్డిగా రాసినా ఐదు దాకా సరైనవే వస్తాయి, కాబట్టి ఆరో ఏడో వచ్చాయని సంబరపడక్కర్లేదు. తొమ్మిది వస్తే మీ చెవికి తేడా తెలుస్తోందని గట్టిగా అనుకోవచ్చు.

ఏ పాటతో పరీక్షించాలన్నది కూడా ముఖ్యం. మెత్తటి మెలోడీ పెట్టుకుంటే ఏ కోడెక్ అయినా బాగానే ఉంటుంది. చిడతలు, తాళాలు ఉన్న భజన రికార్డింగ్ పెట్టండి. చిటుక్కున మొదలై చిటుక్కున ఆగే శబ్దాల దగ్గరే కుదింపు తడబడుతుంది, కోడెక్ పరీక్షల్లో తరచూ స్పెయిన్ వాళ్ళ కాస్టనెట్స్ రికార్డింగ్ వాడేది అందుకే, అవి దాదాపు మన చిడతలే. పాట ఎక్కడి నుంచి వస్తోందో కూడా చూసుకోండి. యూట్యూబ్ వీడియోలో ఆడియో ముందే బాగా కుదించి ఉంటుంది, దాన్ని ఎల్‌డాక్‌లో 990కి పంపితే పోయిన వివరం తిరిగి రాదు. ఆపిల్ మ్యూజిక్ లాంటి చోట లాస్‌లెస్ (పాటలో ఏ వివరమూ పోని రకం) ఆన్ చేసుకుని, డౌన్‌లోడ్ చేసి వినండి, అప్పుడు పోలికకు అర్థం ఉంటుంది.

చాలామందికి ఈ పరీక్షలో ఎస్‌బీసీకీ ఖరీదైన కోడెక్‌కీ తేడా పట్టుకోవడం కష్టమవుతుంది. మంచి సెట్టింగ్‌లో ఎస్‌బీసీ కూడా 328 కేబీపీఎస్ ఇస్తుంది, మామూలు ఆప్ట్‌ఎక్స్ ఇచ్చేది 352. అంకెల్లో ఉన్న దూరం ఇంతే! అలాగని కోడెక్‌లన్నీ ఒకటేనని నేను అనను. ఏఏసీ సంగతి చూడండి, ఐఫోన్‌లో నిలకడగా ఉంటుంది, ఆండ్రాయిడ్‌లో మాత్రం ఆ ఫోన్ తయారుచేసినవాళ్ళు ఎన్‌కోడర్ (పాటను కుదించే భాగం) ఎలా పెట్టారన్నదాన్ని బట్టి ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా ఉంటుంది. అందుకే 'ఏఏసీ బాగుండదు' అన్నవాళ్ళూ 'ఏఏసీ చాలు' అన్నవాళ్ళూ ఇద్దరూ తమ ఫోన్ వరకు నిజమే చెబుతూ ఉండొచ్చు.

మిగతా రెండు పరీక్షలు తొందరగా అయిపోతాయి. ల్యాగ్, అంటే శబ్దం ఆలస్యంగా రావడం, ఉందో లేదో వీడియో చూసి తేల్చకండి. వీడియో యాప్‌లు బ్లూటూత్ ఆలస్యాన్ని లెక్కేసి బొమ్మని కూడా ఆపి చూపిస్తాయి, పెదాలూ మాటా కలిసే ఉంటాయి. ఏదైనా షూటింగ్ గేమ్ పెట్టండి, లేదా ఫోన్‌లో పియానో యాప్ తెరిచి మీట నొక్కండి, ఎంత ఆలస్యం ఉందో అప్పుడు తెలుస్తుంది.

ఇక కాల్స్. మైక్ ఆన్ అయిన మరుక్షణం మామూలు బ్లూటూత్‌లో ఎల్‌డాక్, ఆప్ట్‌ఎక్స్, ఏఏసీ అన్నీ పక్కకు పోయి కాల్స్ కోసం ఉన్న వేరే ప్రొఫైల్ (పంపే పద్ధతి) మొదలవుతుంది, అందులో గొంతు సాధారణంగా 8 లేదా 16 కిలోహెర్ట్జ్‌లో, అంటే తక్కువ వివరంతో వెళ్తుంది. ల్యాప్‌టాప్‌లో మీటింగ్ మొదలవగానే పాట డబ్బాలోంచి వచ్చినట్టు అయిపోయేది ఇందుకే, ఇయర్‌ఫోన్స్ పాడయ్యాయని కాదు. మీటింగ్ యాప్ సెట్టింగ్స్‌లో మైక్‌గా ల్యాప్‌టాప్ సొంత మైక్‌ని, స్పీకర్‌గా ఇయర్‌ఫోన్స్‌ని ఎంచుకుంటే చాలాసార్లు ఈ సమస్య పోతుంది. రోజుకు నాలుగు గంటలు మీటింగ్స్‌లో గడిపేవాళ్ళు కోడెక్ కన్నా మైక్ గురించి ఎక్కువ ఆలోచించాలి.

ఇప్పుడు చిప్ వాదనకు వద్దాం. ఆపిల్ 2016లో మొదటి ఎయిర్‌పాడ్స్‌తో డబ్ల్యూ1 చిప్ తెచ్చింది, 2019లో హెచ్1, 2022లో ఎయిర్‌పాడ్స్ ప్రో 2తో హెచ్2. మూత తెరవగానే పెయిర్ కావడం, ఐఫోన్ నుంచి మ్యాక్‌కి మారడం, నాయిస్ క్యాన్సలేషన్, ఇవన్నీ బాగుండటానికి కారణం రెండు వైపులా చిప్‌నీ సాఫ్ట్‌వేర్‌నీ ఒకే కంపెనీ డిజైన్ చేయడం. ఇందులో అబద్ధం లేదు. ఇంకా గట్టి ఉదాహరణ 2023లో వచ్చింది: యూఎస్‌బీ సీ కేస్‌తో వచ్చిన ఎయిర్‌పాడ్స్ ప్రో 2ని ఆపిల్ వాళ్ళ విజన్ ప్రో హెడ్‌సెట్‌తో కలిపితే 20 బిట్, 48 కిలోహెర్ట్జ్ లాస్‌లెస్ ఆడియో వైర్ లేకుండా వస్తుంది. కానీ అవే ఎయిర్‌పాడ్స్ ఐఫోన్‌తో కలిపితే మళ్ళీ ఏఏసీనే. ఆండ్రాయిడ్‌తో కలిపితే పాట వినిపిస్తుంది గానీ ఆ చిప్ చేసే సొగసులు చాలావరకు పోతాయి, ఫర్మ్‌వేర్ (బడ్స్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయాలన్నా ఎవరి దగ్గరో ఆపిల్ పరికరం అడగాలి. గెలాక్సీ బడ్స్‌దీ ఇదే కథ, శామ్‌సంగ్ ఫోన్ లేకపోతే సీమ్‌లెస్ కోడెక్ రాదు. ఆప్ట్‌ఎక్స్‌లో పై రకాలైన అడాప్టివ్, లాస్‌లెస్ ఎక్కువగా క్వాల్కమ్ వాళ్ళ స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్న ఫోన్లలోనే దొరుకుతాయి. సోనీ కొంత నయం, 2017లో ఆండ్రాయిడ్ 8 నుంచీ ఎల్‌డాక్ ఎన్‌కోడర్‌ని ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్‌లోనే పెట్టింది, అందుకే అది చాలా కంపెనీల ఆండ్రాయిడ్ ఫోన్లలో కనిపిస్తుంది. విప్పే వైపు, అంటే హెడ్‌ఫోన్స్ తయారుచేసేవాళ్ళకు మాత్రం సోనీ లైసెన్స్ కావాలి.

కాబట్టి ఎవరైనా 'మా చిప్ గొప్పది' అంటే సౌండ్ గురించి కొట్లాడకండి, 'రెండేళ్ళ తర్వాత నేను ఫోన్ మారిస్తే ఇందులో ఏమేం మిగులుతాయి?' అని అడగండి. నాకు కోపం తెప్పించేది ఇక్కడే. హెడ్‌ఫోన్స్ ఐదేళ్ళు నడుస్తాయి, కొన్నది మన డబ్బుతో, అయినా దాని సగం పనితనం ఏ ఫోన్ కొనుక్కున్నామన్నదాని మీద ఆధారపడటం అన్యాయం. హైదరాబాద్ దగ్గరున్న మన కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ కంపెనీ ఎయిర్‌పాడ్స్ తయారు చేస్తోంది, క్వాల్కమ్‌కి హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసే ఉంది. వస్తువు మన ఊళ్ళోనే తయారవుతున్నప్పుడు, అది ఎవరి ఫోన్‌తోనైనా పూర్తిగా పనిచేయాలని మనం అడగడంలో తప్పేముంది?

కొనేటప్పుడు పాటించాల్సిన వరస ఇది. మీ ఇంట్లో అన్నీ ఆపిల్ పరికరాలే ఉండి, మార్చే ఉద్దేశం లేకపోతే కోడెక్ పేర్లు మర్చిపోండి, చెవిలో ఎలా కూర్చుంటోంది, నాయిస్ క్యాన్సలేషన్ ఎంత ఉంది అన్నవే చూడండి. ఆండ్రాయిడ్ అయితే ఎల్‌డాక్ ఉన్నవి తీసుకుంటే ఫోన్ కంపెనీ మారినా దాదాపుగా ఇబ్బంది ఉండదు, అయితే ఒకేసారి రెండు పరికరాలకు కనెక్ట్ అయినప్పుడు ఎల్‌డాక్ ఉంటుందా అని ముందే కనుక్కోండి. సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్ఎమ్4 హెడ్‌ఫోన్స్‌లో ఆ రెండూ కలిసి కుదరవు, డబ్ల్యూహెచ్-1000ఎక్స్ఎమ్5లో కుదురుతాయి. ఎల్‌డాక్‌తో బ్యాటరీ కొంచెం తొందరగా అయిపోతుంది, అదీ లెక్కలో ఉంచుకోండి.

వీలైతే ఎల్ఈ ఆడియో (బ్లూటూత్‌లో శబ్దం పంపే కొత్త పద్ధతి), ఎల్‌సీ3 (దాని కోడెక్) అన్న మాటలు కూడా వెతకండి. ఎల్‌సీ3 ఏ ఒక్క ఫోన్ కంపెనీదీ కాదు, 2020లో ప్రకటించిన ఎల్ఈ ఆడియోలో తప్పనిసరి కోడెక్ అదే, ఎస్‌బీసీ కన్నా దాదాపు సగం బిట్‌రేట్‌లోనే అంత మంచి నాణ్యత ఇచ్చేలా దాన్ని తయారుచేశారు. ఆండ్రాయిడ్ 13 నుంచి దానికి సపోర్ట్ ఉంది, అయితే ఫోనూ బడ్సూ రెండూ ఒప్పుకోవాలి. బ్లూటూత్ సెట్టింగ్స్‌లో మీ బడ్స్ పేరు పక్కనున్న గుర్తు నొక్కి చూడండి, కొన్ని ఫోన్లలో ఎల్ఈ ఆడియో స్విచ్ ఆఫ్ చేసి ఉంటుంది. ఆన్ చేసి, పైన చెప్పిన గేమ్ పరీక్షా కాల్ పరీక్షా మళ్ళీ చేయండి. ఈ పరీక్షలన్నీ రిటర్న్ గడువు దాటకముందే అయ్యేలా చూసుకోండి, డబ్బా, బిల్లు అప్పటిదాకా పారేయకండి.