కార్తీక స్నానాలకు ముందే గీజర్ కంపు వదిలించండి

బెజవాడ, గుంటూరు ఇళ్లలో శివరాత్రి దాటాక ఆపేసిన గీజర్‌ను మళ్లీ కార్తీకంలోనే వేస్తారు. ఎండాకాలమంతా డాబా మీది ట్యాంకు నీళ్లే కాగినట్టు వస్తాయి కాబట్టి దాని అవసరం రాదు. అన్నాళ్లూ లోపలి 15 లీటర్లు కదలకుండా గోరువెచ్చగా నిలవుంటాయి. మొదటి రోజు కుళ్లిన కోడిగుడ్డు కంపు కొట్టేది అందుకే.

ఆ కంపు హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుది. నీళ్లలోని సల్ఫేట్‌ను గాలి తగలని చోట బతికే బ్యాక్టీరియా ఆ వాయువుగా మారుస్తుంది. ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల పెట్టిన మెగ్నీషియం రాడ్ కరిగేటప్పుడు వచ్చే హైడ్రోజన్ ఆ బ్యాక్టీరియాకు మేత. క్లోరిన్ కలిసిన కృష్ణా నీళ్లలో ఈ బెడద తక్కువ, బోరు నీళ్లలో ఎక్కువ.

తప్పు గీజర్‌దేనా అన్నది ముందు తేల్చుకోండి. వేడి నీళ్లు ఒక గ్లాసులో, చన్నీళ్లు ఇంకో గ్లాసులో పట్టి, బాత్రూం బయటికి తెచ్చి వాసన చూడండి. వేడి నీళ్లే కంపు కొడితే గీజర్. రెండూ కొడితే బోరు, సంపు, పైట్యాంకుల్లో ఏదో ఒకటి. గీజర్ జోలికి పోకుండా ముందు వాటిని కడిగించండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పటిలా సంపులోకి మురుగు చేరితే ఇది మరీ ముఖ్యం. గ్లాసుల్లో ఏ వాసనా లేకపోతే కంపు బాత్రూం నీళ్లు పోయే జాలీలోంచి వస్తోందన్నమాట. ప్లాస్టిక్ కాలిన వాసనైతే అసలు నీళ్ల సంగతే కాదు. వెంటనే ఎంసీబీ (కరెంటు బోర్డులోని గీజర్ స్విచ్) దించి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

రెండు వారాలకు మించి వాడని గీజర్‌లో మండే స్వభావమున్న హైడ్రోజన్ పోగవ్వచ్చు. స్విచ్ వేసేముందు కిటికీ తెరిచి, వేడి నీటి ట్యాప్ నాలుగైదు నిమిషాలు వదలండి. ఆ సమయంలో దగ్గర్లో అగ్గిపుల్ల, అగరబత్తి వెలిగించొద్దు.

ఇక శుభ్రం చేయడం. ఎంసీబీ దించండి, నీళ్లు చల్లారనివ్వండి, గీజర్‌లోకి చన్నీళ్లు వదిలే యాంగిల్ కాక్ (గోడకున్న చిన్న కుళాయి) కట్టేయండి. చాలామంది ఇక్కడే పొరబడతారు: వేడి నీటి ట్యాప్ తిప్పితే గీజర్ ఖాళీ కాదు. వేడి నీటి గొట్టం లోపల పైభాగం నుంచి నీళ్లు తీసుకుంటుంది. ఆ ట్యాప్ గాలి కోసం తెరిచి ఉంచి, చన్నీళ్ల వైపు సేఫ్టీ వాల్వ్ మీది చిన్న లీవర్ ఎత్తితేనే నీళ్లు అడుగు మడ్డితో సహా దిగుతాయి.

మందుల షాపులో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 15 లీటర్ల గీజర్‌కు 50 మిల్లీలీటర్లు, 25 లీటర్లకు 80 చాలు. చేతికి గ్లవుజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. హోస్ పైపును యాంగిల్ కాక్ దగ్గర విప్పి పైకెత్తి, గరాటుతో అందులో పోసి మళ్లీ బిగించి, వేడి నీటి ట్యాప్‌లోంచి ధార వచ్చేదాకా నింపండి. హోస్‌లో పట్టకపోతే రెండు విడతలుగా పోయండి. తర్వాత యాంగిల్ కాక్ కట్టేసి, వేడి నీటి ట్యాప్ మాత్రం తెరిచే ఉంచి 2 గంటలు ఆగండి. పెరాక్సైడ్ నుంచి వెలువడే ఆక్సిజన్ బయటికి పోవాలి కదా! ఆ సేపు కరెంటు వేయకూడదు. పెరాక్సైడ్‌లో బ్లీచింగ్, వెనిగర్, యాసిడ్ ఏవీ కలపొద్దు. చివరికి అంతా దించి, రెండుసార్లు నింపి పారబోయండి.

మళ్లీ నింపాక, ట్యాప్‌లోంచి గాలి బుడగల్లేని ధార వచ్చాకే స్విచ్ వేయాలి. ఖాళీ ట్యాంకులో ఎలిమెంట్ నిమిషాల్లో కాలిపోతుంది. థర్మోస్టాట్ 65 డిగ్రీల దగ్గర పెట్టి గంట ఉంచి, ఆ నీళ్లు అన్ని వేడి ట్యాపుల్లోంచి వదలండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు, ఆ వేడికి చర్మం క్షణాల్లో కాలుతుంది.

నెల తిరక్కుండానే కంపు మళ్లీ వస్తే మెకానిక్‌తో ఫ్లాంజ్ (రాడ్ బిగించి ఉండే మూత) విప్పించి రాడ్ చూడండి. లోపలి ఇనుప తీగ బయటపడితే రాడ్ అయిపోయినట్టే. ‘రాడ్ తీసేస్తే వాసన పోతుంది’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. వాసన పోతుంది నిజమే, రెండు మూడేళ్లలో ట్యాంకూ చిల్లు పడొచ్చు. అల్యూమినియం-జింక్ రాడ్ దొరికితే అది వేయించండి. ఫ్లాంజ్ విప్పిన ప్రతిసారీ గాస్కెట్ (నీళ్లు కారకుండా వేసే రబ్బరు వాషరు) కొత్తది పడాలి.

ఇకపై ఎండాకాలంలోనూ పదిహేను రోజులకోసారి గీజర్ వేయండి. 2000 వాట్ల ఎలిమెంట్ 15 లీటర్లను 20 నిమిషాల్లో 65 డిగ్రీలకు తెస్తుంది, యూనిట్ కూడా కాలదు. ఆ నీళ్లతో అంట్లు తోముకోవచ్చు.