మారుతి ఈకోను క్యాంపర్‌గా (లోపలే పడుకుంటూ ప్రయాణించే బండిగా) మార్చుకునేవారికి: సామాను అమరిక

మారుతి సుజుకి ఈకో బయటి పొడవు 3,675 మిల్లీమీటర్లు, వెడల్పు 1,475 మిల్లీమీటర్లు. రేకు మందం, తలుపుల లోపలి తాపడం, వెనుక చక్రాల మీద ఉబ్బులు తీసివేస్తే అందులో పెద్ద మనిషి అడ్డంగా కాళ్లు చాపుకుని పడుకునేంత వెడల్పు మిగలదు. కాబట్టి పడకను నిలువుగానే వేసుకోవాలి. అలా వేసినప్పుడు ముందు సీట్ల వెనుక ఉన్న నేల దాదాపు అంతా పడక కిందికి పోతుంది. సామానుకు మిగిలేది ఆ పడక కింది చోటే. అక్కడ ఎన్ని లీటర్ల చోటు ఉందన్నది చాలామంది లెక్క వేస్తారు గానీ, పరుపు ఎత్తకుండా అందులో ఎంత భాగం చేతికి అందుతుందన్నది లెక్క వేసేవారు తక్కువ. నా దృష్టిలో అమరిక బాగుందా లేదా అన్నది తేల్చేది ఈ రెండో లెక్కే. వానలో బండి ఆపి టీ పెట్టుకోవడానికి పరుపు మడిచి, పలక లేపి, బట్టల సంచులు సీటు మీదికి విసరవలసి వస్తే పెట్టెలు ఎంత పెద్దవైనా ఉపయోగం లేదు.

వడ్రంగి పని మొదలు కాకముందే చేయవలసిన పని ఒకటుంది. తీసుకెళ్లదలచుకున్న సామానంతా ఇంట్లో నేల మీద పరచి, వ్యాను లోపలి కొలతతో సుద్దముక్కతో గీసిన గడిలో సర్ది చూడాలి. ఒక్కొక్క వస్తువును చేతితో పట్టుకునే లగేజీ తూకంతో తూచి రాసుకోవాలి. లోపలి కొలతలను నేల దగ్గర, మోకాలి ఎత్తులో, భుజం ఎత్తులో వేరువేరుగా తీయాలి, ఎందుకంటే వ్యాను గోడలు నిటారుగా ఉండవు. పైకి పోయేకొద్దీ లోపలికి వంగుతాయి. ఆ వంపును అట్టపెట్టె ముక్కతో కత్తిరించి నమూనా తీసుకుంటే ప్లైవుడ్ వృథా కాదు.

చట్టం మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించినదానికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. సీట్ల సంఖ్య ఆ వివరాలలో ఒకటి. అందువల్ల సీట్లను శాశ్వతంగా తీసివేయదలచినవారు ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో విచారించి, అనుమతి విషయం తేల్చుకున్న తరువాతే పని మొదలుపెట్టాలి. రేకు కోయడం, వెల్డింగ్ చేయడం వంటివి అసలు తలపెట్టకుండా, బోల్టులు విప్పితే బయటికి వచ్చే పెట్టెలుగానే మొత్తం అమరికను తయారుచేయించడం మేలని నా అభిప్రాయం. బండిని అమ్మవలసి వచ్చినా, మళ్లీ కుటుంబంతో పెళ్లికి వెళ్లవలసి వచ్చినా అదే పనికొస్తుంది.

పడక ఎంత ఎత్తులో ఉండాలి?

మిగతా నిర్ణయాలన్నీ ఈ ఒక్కదాని మీద ఆధారపడతాయి. సగటు ఎత్తున్న మనిషి నిటారుగా కూర్చుంటే పిరుదుల నుంచి నడినెత్తి వరకు సుమారు 90 సెంటీమీటర్లు ఉంటుంది. మీ వ్యానులో నేల నుంచి కప్పు వరకు 120 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. అందులో 90 కూర్చోవడానికి, ఏడున్నర పరుపుకు, 1.2 ప్లైవుడ్ పలకకు పోతే పెట్టెకు దక్కేది 21 సెంటీమీటర్లు మాత్రమే. అందులో పది లీటర్ల నీళ్ల క్యాను నిలబడదు, స్టవ్ మీద గిన్నె పెట్టి తోయడానికి వీలుండదు. పలకను 35 సెంటీమీటర్లకు ఎత్తితే సామాను చక్కగా పడుతుంది, కానీ పరుపు మీద కూర్చున్నవారు రోజంతా మెడ వంచుకునే ఉండాలి.

దీనికి మధ్యేమార్గం పడకను రెండు ముక్కలు చేయడం. వెనుక తలుపు వైపు సుమారు నాలుగడుగుల మేర 35 సెంటీమీటర్ల ఎత్తున స్థిరమైన పెట్టె కట్టాలి. ముందు సీట్ల వెనుక మిగిలిన రెండడుగుల మేర పెట్టె కట్టకుండా గుంటలా వదిలి, దాని మీద హింజీలతో మడిచే పలక వేయాలి. పగలు పలకను వెనక్కి మడిస్తే ఆ గుంటలో విడిగా పెట్టుకున్న 20 సెంటీమీటర్ల ఎత్తు పెట్టె మీద తల నిటారుగా ఉంచి కూర్చోవచ్చు, వెనుక పెట్టెనే బల్లగా వాడుకోవచ్చు. రాత్రి పలక దించి, దాని కింద రెండు కాళ్లు నిలబెడితే ఆరడుగుల పడక అవుతుంది. పొడగరులు ముందు సీట్లను వీలైనంత ముందుకు జరిపినప్పుడు ఎంత పొడవు వస్తుందో ముందే కొలుచుకోవాలి. ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి: ఈకో ఇంజిను ముందు సీట్ల కింద ఉంటుంది కనుక, ఆ సీట్లు ఎత్తడానికి అడ్డుపడేలా ఏ పెట్టెనూ వాటికి ఆనించి బిగించకూడదు. అక్కడ వేడి కూడా తగులుతుంది. మందులు, నూనె, గ్యాస్ క్యాట్రిడ్జీలు ఆ వైపు పెట్టరాదు.

ఇలా కట్టినప్పుడు సామాను తీసుకోవడానికి మూడు దారులు ఏర్పడతాయి. వెనుక తలుపు ఎత్తితే వంటగది, రెండు పక్కల జరిపే తలుపులు తెరిస్తే గుంట, పరుపు లేపి మూత తీస్తే పెట్టె మధ్యభాగం. రోజుకు అనేకసార్లు కావలసినవి మొదటి రెండు దారులకే దక్కాలి. మూడోది స్టెప్నీ గాలి పంపు, తాడు, అదనపు దుప్పటి వంటి అరుదైన అవసరాలకు. జాకీ, చక్రం విప్పే స్పానర్ మాత్రం ఈ మూడో చోటికి పోనివ్వకూడదు. టైరు పంక్చరయ్యేది సామాను నిండుగా ఉన్నప్పుడే కావచ్చు, అప్పుడు పరుపు రోడ్డు మీద పరచుకోవలసి వస్తుంది.

సొరుగులా, మూతలా?

యూట్యూబ్‌లో కనిపించే ప్రతి వ్యానులోనూ వరుసగా సొరుగులు ఉంటాయి. చూడటానికి అవి అందంగానే ఉంటాయి, కానీ చోటును తినేస్తాయి. సొరుగు జారడానికి పక్కలకు బిగించే మామూలు టెలిస్కోపిక్ చానెల్‌కు ఒక్కో పక్క సుమారు 13 మిల్లీమీటర్లు వదలాలి. సొరుగు పక్కపలకలు 12 మిల్లీమీటర్లవైతే రెండు వైపులా కలిపి మరో 24 పోతాయి. అంటే 40 సెంటీమీటర్ల వెడల్పున్న అరలో సామానుకు దక్కేది 35 మాత్రమే. ఎత్తులోనూ అడుగుపలక, పైన వదిలే సందు కలిపి మరికొంత పోతుంది. చానెళ్ల బరువూ, ఖరీదూ అదనం. అందువల్ల సొరుగు ఒక్కటే చాలు, అది వెనుక తలుపు దగ్గర వంటకు. మిగతా చోట పైకి లేచే మూతలు, లోపల దీర్ఘచతురస్రాకారపు ప్లాస్టిక్ డబ్బాలు సరిపోతాయి.

ఆ వంట సొరుగును వీలైనంత లోతుగా, అంటే 60 నుంచి 75 సెంటీమీటర్ల పొడవు చానెళ్లతో చేయించుకుంటే బయటికి లాగినప్పుడు స్టవ్ పూర్తిగా తలుపు నీడలోకి వస్తుంది. చానెల్ కొనేటప్పుడు ఎంత బరువు మోస్తుందో అడిగి తీసుకోవాలి. దుకాణాలలో సాధారణంగా దొరికే 45 కిలోల రకం స్టవ్, గిన్నెలు, సరుకులకు చాలుతుంది. అయితే సొరుగుకు గొళ్లెం లేకపోతే శ్రీశైలం ఘాట్ లేదా అరకు ఘాట్ ఎక్కేటప్పుడు అది తనంతట తాను జరిగి వెనుక తలుపును గుద్దుతూనే ఉంటుంది. ఇంటి అలమారలకు వాడే అయస్కాంతపు క్యాచ్ ఇక్కడ ఆగదు. టవర్ బోల్టు గానీ, నొక్కితే తెరుచుకునే పుష్ లాక్ గానీ బిగించాలి. మూతలకూ ఇదే నియమం వర్తిస్తుంది.

చెక్క విషయంలో మన వడ్రంగులకు 18 ఎం.ఎం. ప్లై అలవాటు. ఎనిమిది అడుగులకు నాలుగడుగుల 18 ఎం.ఎం. షీట్ ఒక్కటే 32 నుంచి 37 కిలోలు తూగుతుంది, 12 ఎం.ఎం. అయితే 21 నుంచి 25. నాలుగు షీట్లు పట్టే పనిలో ఈ తేడా సుమారు 45 కిలోలు. పలకకు ప్రతి అడుగున్నరకూ కింద అడ్డుపట్టీ వేస్తే 12 ఎం.ఎం. బాగానే ఆగుతుంది, అల్యూమినియం చట్రం కట్టి, పక్కలకు 6 ఎం.ఎం. వేస్తే ఇంకా తేలిక. పడక పలకలో అక్కడక్కడ రెండంగుళాల రంధ్రాలు తీయించాలి. కోస్తాలో ఉండేవారికి దీని అవసరం చెప్పనక్కరలేదు: పరుపు కింద గాలి ఆడకపోతే రాత్రి ఊపిరి తేమ కిందికి చేరి బూజు పడుతుంది. రంధ్రాలలో వేలు పెట్టి మూత లేపుకోవచ్చు కనుక విడిగా హ్యాండిళ్లూ అక్కరలేదు.

వంట సామానులో అందరూ వదిలేసే లెక్క ఒకటుంది. గుండ్రటి డబ్బాలను పక్కపక్కన వరుసల్లో నిలబెడితే ఐదో వంతు చోటు వాటి మధ్య సందుల్లోనే పోతుంది. ఇంట్లోని స్టీలు డబ్బాలు ఎంత ఇష్టమైనా వ్యానుకు నలుచదరపు డబ్బాలే నయం. పప్పులు, రవ్వ, పొడులు వాటిలో పోసి, పైనుంచి చూస్తే తెలిసేలా మూత మీద పేరు రాయాలి. గిన్నెలు ఒకదానిలో ఒకటి ఇమిడేవి తీసుకుని, మధ్యలో గుడ్డలు పెడితే చప్పుడు ఉండదు, తుడుచుకునే గుడ్డలకు వేరే చోటు కూడా అవసరం లేదు. ఆవకాయ జాడీ మాత్రం విడిగా, బిగుతు మూతతో, ఒక లోతైన గిన్నెలో నిలబెట్టి సొరుగు అడుగున ఉంచాలి. కుదుపుకు ఊరిన నూనె ప్లైవుడ్‌లోకి ఇంకితే ఆ వాసన బండి అమ్మేదాకా పోదు.

నీళ్లు, గ్యాస్, బరువు

లీటరు నీళ్లు కిలో. ఇరవై లీటర్ల క్యాను ఒకటి కంటే పది లీటర్లవి రెండు మేలు: గుంటలో చెరో పక్క పెడితే బరువు సమంగా ఉంటుంది, నింపుకోవడానికి మోయడమూ తేలిక. ముందు వెనుక ఇరుసుల మధ్య, నేలకు ఆనుకుని ఉన్న ఈ గుంటే బరువైన వస్తువులన్నింటికీ తగిన చోటు. బ్యాటరీ కూడా అక్కడే, నీళ్లకు దూరంగా, గాలి ఆడేలా ఉండాలి. 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ సుమారు 12 కిలోలు ఉంటుంది, అంతే సామర్థ్యమున్న లెడ్ యాసిడ్ బ్యాటరీ దానికి రెండింతలకు పైగా తూగుతుంది. క్యానులనూ బ్యాటరీనీ లాగి బిగించే రాచెట్ బెల్టుతో సీటు బోల్టుల స్థానాలకు కట్టాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో గట్టిగా బ్రేకు వేస్తే కట్టని క్యాను డ్రైవరు వీపు వైపే వస్తుంది.

గ్యాస్ గాలి కంటే బరువైనది. కారితే కిందికి దిగి పెట్టె అడుగున నిలుస్తుంది. అందుకే చిన్న సిలిండరును మూసిన పెట్టెలో దాచకూడదు. వెనుక తలుపు దగ్గర, అడుగున పట్టీల మధ్య సందులున్న అరలో నిలువుగా కట్టి, బండి కదిలే ముందు రెగ్యులేటర్ విప్పాలి. క్యాట్రిడ్జీ వాడేవారు దాని మీద 50 డిగ్రీలు దాటిన వేడికి గురిచేయవద్దని రాసి ఉండటం గమనించాలి. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఎండలో ఆపిన వ్యాను లోపల ఆ వేడి రావడం వింత కాదు. కనుక వేసవిలో అలా ఎండలో ఆపవలసి వస్తే క్యాట్రిడ్జీలను లోపల వదలరాదు. వంట ఎప్పుడూ తలుపు ఎత్తి బయటే చేయాలి.

కప్పు మీది క్యారియర్ గురించి నాకు సదభిప్రాయం లేదు. ఈకో సన్నని, ఎత్తైన బండి. పైన బరువు పెడితే మలుపుల్లోనూ, వంతెనల మీద పక్కగాలికీ ఊగుతుంది. పెట్టక తప్పదనుకుంటే మడత కుర్చీలు, టార్పాలిన్ వంటి తేలికైనవి మాత్రమే, యజమాని పుస్తకంలో చెప్పిన పరిమితికి లోబడి పెట్టాలి.

గోడలకు గుడ్డ జేబులు, వల సంచులు చాలు. తల వైపు జేబులో టార్చి, మందులు, తాళాలు, నీళ్ల సీసా ఉంటే రాత్రి దేనికీ పలక లేపనక్కరలేదు. కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న బండి అయితే కప్పు అంచుల మీద, స్తంభాల మీద ఏమీ బిగించకూడదు. బట్టలకు సూట్‌కేసులు వద్దు. మనిషికొక మెత్తటి సంచి చాలు, అది పెట్టె వంపును బట్టి సర్దుకుంటుంది. అన్నిటికంటే ఎక్కువ చోటు తీసుకునేవి దుప్పట్లు. వాటిని దిండు గలీబుల్లో కుక్కి పగలు ఆనుకునే బాలీసులుగా వాడితే పెట్టెలో ఒక మూల మొత్తం ఖాళీ అవుతుంది. చెప్పులకు తలుపు దగ్గర అంచున్న ప్లాస్టిక్ పళ్లెం, తడి తువ్వాళ్లకు వెనుక తలుపు లోపలి కొక్కేలు పెట్టుకోవాలి.

పని పూర్తయ్యాక నీళ్లు, ఇంధనం నింపి, మనుషులతో సహా వేబ్రిడ్జికి తీసుకెళ్లి తూయించాలి. మొత్తం బరువును యజమాని పుస్తకంలోని గరిష్ఠ బరువుతో పోల్చి, తరువాత ముందు చక్రాలను మాత్రమే ఎక్కించి మరోసారి తూస్తే వెనుక ఇరుసు మీద ఎంత పడుతోందో తెలుస్తుంది. ఐదుగురి బండిలో ఇద్దరే వెళితే ముగ్గురి బరువు, అంటే రమారమి 200 కిలోలు, పెట్టెలకూ సామానుకూ కలిపి మిగులుతుంది. చెక్కపనికే వంద దాటితే మిగిలేది తక్కువే. మొదటి ప్రయాణానికి ఒక డబ్బా ఖాళీగా ఉంచి బయలుదేరాలి, దారిలో కొనే మామిడిపళ్లకూ, అత్తగారు ఇచ్చి పంపే మూటలకూ అది కావాలి. తిరిగి వచ్చాక బోల్టులన్నీ ఒకసారి బిగించి, ఆ ప్రయాణంలో ఎవరూ ముట్టని వస్తువులను ఇంట్లో దించేయాలి. పనిముట్లు, మందుల పెట్టె, అగ్నిమాపక సిలిండరు మాత్రం ఇందుకు మినహాయింపు.