ఎస్‌ఎంపీఎస్ ర్యాంకు బాగున్నా పీసీ ఆఫ్ అయిపోతోందా? సమస్య – పరిష్కారం

పీసీకి కరెంటు అందించే పెట్టెను మన షాపుల్లో ఎస్‌ఎంపీఎస్ అంటారు, పవర్ సప్లై అన్నా అదే. వీటిని ఎ, బి, సి, డి అంటూ నాణ్యత ప్రకారం వరుసపెట్టిన జాబితాలు కొన్నేళ్లుగా బాగా ప్రచారంలో ఉన్నాయి. దాంతో పీసీ ఎందుకు మొరాయించినా మొదట ‘నీ ఎస్‌ఎంపీఎస్ ఏ ర్యాంకు?’ అని అడగడం అలవాటైపోయింది. ఎ అయితే దాని జోలికే వెళ్లరు, డి అయితే ఇంకేమీ చూడరు. రెండూ తప్పే.

ఈ జాబితాల వెనక ఉన్నది మనం ఇంట్లో చేయలేని పరీక్ష. 12 వోల్టుల లైన్‌లో రిపుల్, అంటే వోల్టేజీలో క్షణక్షణం వచ్చే ఊగిసలాట, ఎంతుందో తెలియాలంటే ఆసిల్లోస్కోప్ కావాలి, కావలసినంత లోడు పెట్టే యంత్రం కావాలి. పీసీ ఎస్‌ఎంపీఎస్‌లకు వర్తించే ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం ఆ రిపుల్ 120 మిల్లీవోల్టులు దాటకూడదు, 5, 3.3 వోల్టుల లైన్లలో 50 దాటకూడదు. మల్టీమీటర్ చక్కగా 12.05 చూపిస్తున్నా రిపుల్ హద్దు మీరి ఉండొచ్చు, మీటర్‌కు అది కనబడదు. మోయలేనంత లోడు పడితే పెట్టె మర్యాదగా ఆగుతుందా, పేలుతుందా అన్నది కూడా మనం చేసి చూసే పని కాదు. ఇంతవరకు జాబితా మాట వినాల్సిందే. కాకపోతే అది చెప్పేది ఒక మోడల్ డిజైన్ గురించి, పరీక్షకు దొరికిన నమూనా గురించి. మీ టేబుల్ కింద ఉన్న పెట్టె, మీ ఇంటి వైరింగ్, మీ గ్రాఫిక్స్ కార్డు దానికి తెలియవు.

1. గేమ్ మధ్యలో ఠక్కున ఆఫ్, మళ్లీ లేవదు

లక్షణం: గేమో రెండరింగో నడుస్తుండగా ఒక్కసారిగా మొత్తం ఆగిపోతుంది. బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. వెనక స్విచ్ ఆపి, కొన్ని సెకన్లు ఆగి వేస్తే మామూలుగా లేస్తుంది.

కారణం: ఎస్‌ఎంపీఎస్ లోపలి రక్షణ వ్యవస్థ పనిచేసిందనడానికి ఇది గట్టి ఆనవాలు. అలా ఆగినప్పుడు చాలా మోడళ్లు మెయిన్స్ తీసేదాకా మొండికేస్తాయి. పెట్టె చెడిపోయిందని దీనర్థం కాదు, తన పని తాను చేసింది. ఎందుకు చేయాల్సి వచ్చిందో వెతకాలి.

చాలాసార్లు దొరికే జవాబు గ్రాఫిక్స్ కార్డు. ఆర్‌టీఎక్స్ 3080 వాడకం 320 వాట్లని రాసి ఉంటుంది. కానీ కన్నుమూసి తెరిచేలోపు వచ్చిపోయే కుదుపుల్లో అది అంతకంటే బాగా ఎక్కువ లాగుతుంది. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ఈ గొడవను దృష్టిలో పెట్టుకుంది. గ్రాఫిక్స్ కార్డుల కోసం అప్పుడే వచ్చిన 12వీహెచ్‌పీడబ్ల్యూఆర్ కనెక్టర్ ఉండి 450 వాట్లు దాటిన మోడళ్లు తమ సామర్థ్యానికి రెట్టింపు లోడును 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలంది. అంతకుముందు తయారైనవాటికి ఆ షరతు లేదు, అవి ఎంత మంచివైనా సరే.

ర్యాంకు తికమక పెట్టేది ఇక్కడే. రక్షణ హద్దులు కచ్చితంగా పెట్టిన మంచి మోడల్ ఆ కుదుపుకు ఆగిపోతుంది. హద్దంటూ లేని నాసిరకం మోడల్ ఏమీ పట్టనట్టు నడిచిపోతుంది. ‘నా పాతది చవకదే, అయినా ఎప్పుడూ ఆగలేదు’ అనేవాళ్ల మాట అబద్ధం కాదు, దాన్నుంచి వాళ్లు తీసే అర్థమే తప్పు. సీజనిక్ కంపెనీ ఫోకస్ ప్లస్ మోడళ్లు పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకున్నవే. అయినా వాటిలో మొదట్లో తయారైన కొన్ని, ఏఎండీ వేగా 56, 64 గ్రాఫిక్స్ కార్డులతో వాడితే లోడు మీద ఆగిపోయేవి. ఆ సంగతి కంపెనీయే ప్రకటించింది.

పరిష్కారం: ముందు కేబుళ్లు చూడండి. కార్డుకు రెండు 8 పిన్ల సాకెట్లుంటే ఒకే కేబుల్‌కు వరుసగా ఉన్న రెండు కొనలు పెట్టకండి. ఎస్‌ఎంపీఎస్ నుంచి విడివిడిగా రెండు కేబుళ్లు లాగండి. ఒక్కో 8 పిన్ల కనెక్టర్‌కు ప్రమాణం ఇచ్చిన హద్దు 150 వాట్లే. 12వీహెచ్‌పీడబ్ల్యూఆర్ అయితే పూర్తిగా లోపలికి దిగిందో లేదో వేలితో నొక్కి చూడండి. సగం దిగిన కనెక్టర్ కరిగిపోవచ్చు, దానికీ ఎస్‌ఎంపీఎస్ ర్యాంకుకూ సంబంధం లేదు.

ఆ తర్వాత ఆఫ్టర్‌బర్నర్ లాంటి ప్రోగ్రామ్‌లో కార్డు పవర్ లిమిట్‌ను 70 శాతానికి దించి అదే గేమ్ ఆడండి. ఆఫ్ కావడం ఆగితే అనుమానం పవర్ వైపే. కొత్తది కొనేలోపు ఆ సెట్టింగ్‌తోనే నెట్టుకురావచ్చు, ఆటలో పెద్ద తేడా కూడా తెలియదు.

వేసవిలోనే ఈ బాధ వస్తుంటే వేడిని కూడా లెక్కలోకి తీసుకోండి. ఎస్‌ఎంపీఎస్ కరెంటును ఎంత పొదుపుగా మారుస్తుందో చూసే 80 ప్లస్ పరీక్ష 23 డిగ్రీల గదిలో జరుగుతుంది. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో గదే 40 డిగ్రీలుంటే, క్యాబినెట్ లోపల ఎంతుంటుందో ఊహించుకోండి. దుమ్ము దులపండి, ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్‌కు గాలి అందేలా క్యాబినెట్‌ను గోడకూ పరుపుకూ దూరంగా జరపండి.

2. తనంతట తానే రీస్టార్ట్ అవుతోంది

లక్షణం: ఆఫ్ అయిన మరుక్షణం మళ్లీ బూట్ అవుతుంది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్ పవర్ 41’ అని ఎర్రగా ఉంటుంది.

అందులో పవర్ అన్న మాట చూసి ఎస్‌ఎంపీఎస్ మార్చేసినవాళ్లను చాలామందిని చూశాను. ఆ 41కి అర్థం విండోస్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందని, అంతే. కారణం ర్యామ్ కావచ్చు, ప్రాసెసర్ కావచ్చు, మదర్‌బోర్డు కావచ్చు, ఎస్‌ఎంపీఎస్ కూడా కావచ్చు. దాని పక్కనే ‘డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ 18’ (WHEA-Logger) కనిపిస్తే ముందుగా ప్రాసెసర్ సెట్టింగులను అనుమానించండి. బయోస్‌లో ఓవర్‌క్లాక్, ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ రెండూ ఆపి ఒక రోజు వాడండి, రాత్రి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ పెట్టి పడుకోండి. ఇవన్నీ ఖర్చు లేని పనులు. వీటి తర్వాతే స్నేహితుడి దగ్గర వేరే ఎస్‌ఎంపీఎస్ అడిగి తెచ్చుకుని పెట్టి చూడండి. అదే అసలైన పరీక్ష. ఏ జాబితా అయినా దాని తర్వాతే.

హార్డ్‌వేర్ మానిటర్ ప్రోగ్రామ్‌లో 12 వోల్టుల దగ్గర 11.2 అనో 8 అనో కనిపిస్తే టెన్షన్ పడకండి. బోర్డు మీది సెన్సర్ తప్పు చెప్పడం మామూలే. మల్టీమీటర్‌తో లోడు మీద చూస్తే 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. 5 వోల్టుల లైన్ అయితే 4.75 నుంచి 5.25. ఈ హద్దులు దాటి ఉంటే పెట్టె మార్చాల్సిందే, ర్యాంకు ఏదైనా.

3. యూపీఎస్ ఉన్నా కరెంటు పోగానే పీసీ ఆగిపోతోంది

ఇది మన ఊళ్లలో ఎక్కువ. ఇందులో ర్యాంకుకు నిజంగానే కొంత పాత్ర ఉంది. కరెంటు పోయాక యూపీఎస్ బ్యాటరీ మీదికి మారడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఆ కాసేపు ఎస్‌ఎంపీఎస్ తన పెద్ద కెపాసిటర్‌లో దాచిన శక్తితో నెట్టుకురావాలి. పాత ఏటీఎక్స్ ప్రమాణం పూర్తి లోడు మీద కనీసం 17 మిల్లీసెకన్లు అడిగేది. ఖర్చు తగ్గించాలనుకున్న తయారీదారుకు ఆ కెపాసిటర్‌ను చిన్నది చేయడం తేలిక. మంచి పరీక్షల్లో ఈ అంకె విడిగా ఉంటుంది. మీ సమస్య ఇదే అయితే ర్యాంకు అక్షరాన్ని పక్కనపెట్టి ఆ ఒక్క అంకె వెతకండి.

కానీ తప్పు యూపీఎస్‌దే అయ్యే అవకాశం కూడా తక్కువేమీ కాదు. 600 వీఏ అని రాసి ఉన్న చాలా యూపీఎస్‌లు ఇచ్చేది 360 వాట్లే. గేమ్ నడుస్తుండగా కరెంటు పోతే అది చేతులెత్తేస్తుంది. పీసీ ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు పోతే ఆగకుండా, గేమ్‌లో ఉన్నప్పుడే ఆగుతుంటే ఇదే సంగతి. పైగా చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీద మెట్లుమెట్లుగా ఉండే వేవ్ ఇస్తాయి. యాక్టివ్ పీఎఫ్‌సీ (మెయిన్స్ నుంచి కరెంటును సాఫీగా తీసుకునే సర్క్యూట్) ఉన్న కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లకు అది నచ్చదు. విచిత్రం ఏమిటంటే మంచి ర్యాంకు మోడళ్లలో యాక్టివ్ పీఎఫ్‌సీ తప్పకుండా ఉంటుంది. ఇంటి ఇన్వర్టర్ మీద నడుపుతుంటే దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్ కంటే అందులో మార్పిడి వేగంగా జరుగుతుంది.

4. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోంది

ఎస్‌ఎంపీఎస్ మార్చినా పోదు, ఎందుకంటే తప్పు దానిది కాదు. దాదాపు ప్రతి ఎస్‌ఎంపీఎస్‌లోనూ మెయిన్స్ తీగల నుంచి బాడీకి చిన్న ఫిల్టర్ కెపాసిటర్లుంటాయి. ఎర్త్ ఉంటే వాటిలోంచి వచ్చే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే బాడీ మీద మెయిన్స్‌లో సగం వోల్టేజీ, అంటే 115 దాకా, నిలుస్తుంది. టెస్టర్ పెడితే వెలుగుతుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సాకెట్‌కు ఎర్త్ నిజంగా ఉందో లేదో చూపించండి. చెప్పులు వేసుకుని ముట్టుకోవడం, ప్లగ్గులో మూడో పిన్ను తీసేయడం పరిష్కారాలు కావు.

5. జాబితాలో ‘ఎ’, కొన్నది వేరేలా ఉంది

జాబితాల అసలు బలహీనత ఇక్కడ ఉంది. బాక్సు మీద ఉండే బ్రాండు చాలాసార్లు తయారీదారు కాదు. లోపలి డిజైన్ సీడబ్ల్యూటీదో, గ్రేట్ వాల్‌దో, హెచ్‌ఈసీదో అయి ఉంటుంది. పేరు మార్చకుండా లోపలిది మార్చేయడం ఈ వ్యాపారంలో మామూలు. కోర్సెయిర్ సీఎక్స్ అన్న పేరు ఏళ్ల తరబడి నడిచింది, లోపలి డిజైన్లు మాత్రం మారుతూ వచ్చాయి. కూలర్ మాస్టర్ ఎండబ్ల్యూఈ బ్రాంజ్‌లో వీ2 ఉంది, 230 వోల్టులకు విడిగా చేసినవి ఉన్నాయి. విదేశాల్లో 115 వోల్టుల మీద పరీక్షించిన మోడల్, మన షాపులో 230 మాత్రమే అని రాసి ఉన్న మోడల్ ఒకటే అనుకోకూడదు. ఒకే వరుసలో 550 వాట్లది, 850 వాట్లది కూడా వేర్వేరు డిజైన్లు కావచ్చు.

అందుకని జాబితాలో చూడాల్సింది పేరు పక్కన ఉండే షరతు: ఏ సంవత్సరం, ఏ రివిజన్, ఎన్ని వాట్లు. ఆ షరతులు రాయని జాబితాను నేను పట్టించుకోను. సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్)లో కొంటున్నా, ఆన్‌లైన్‌లో కొంటున్నా బాక్సు మీది పార్ట్ నంబరు సరిపోల్చుకుని డబ్బు ఇవ్వండి. ‘అదే మోడల్ సార్, కొత్త స్టాకు’ అంటే అనుమానం ఇంకా పెరగాలి.

‘గోల్డ్’ ముద్ర చూసి ఇదే ర్యాంకు అనుకునేవాళ్లూ ఉన్నారు. 80 ప్లస్ చెప్పేది ఎంత కరెంటు వృథా కాకుండా మారుస్తుందన్నదే. 115 వోల్టుల పరీక్షలో గోల్డ్ రావాలంటే సగం లోడు మీద 90 శాతం సామర్థ్యం ఉండాలి. రిపుల్, రక్షణలు, ఆయుష్షు ఆ ముద్రలో లేవు. గిగాబైట్ పీ750జీఎం, పీ850జీఎం రెండూ గోల్డ్ ముద్ర ఉన్నవే. 2021లో రాసి ఉన్న వాట్లకు మించి లోడు పెట్టే ఓవర్ పవర్ పరీక్షల్లో వాటిలో కొన్ని పేలాయి. ఆ ఆగస్టులో కంపెనీ రక్షణ హద్దును 120–150 శాతం నుంచి 110–120 శాతానికి దించింది, పాత సీరియల్ నంబర్లవాటిని మార్చి ఇస్తామంది. నాణ్యత జాబితా సామర్థ్యం ముద్ర కంటే ఎందుకు మేలో ఈ ఒక్క ఉదంతం చాలు.

6. నా మోడల్ ఏ జాబితాలోనూ లేదు

లేకపోవడం అంటే చెడ్డదని కాదు, ఎవరూ పరీక్షించలేదని. అయినా డబ్బు పెట్టి కొనబోతున్నప్పుడు అది చాలు వద్దనడానికి. ఇప్పటికే ఇంట్లో ఉంటే పక్కన అతికించిన లేబుల్ చదవండి. 12 వోల్టుల దగ్గర ఉన్న ఆంపియర్లను 12తో హెచ్చించండి. ‘500 వాట్లు’ అని పెద్ద అక్షరాలతో ఉండి, 12 వోల్టుల దగ్గర 22 ఆంపియర్లే ఉంటే వచ్చేది 264 వాట్లు. ఇప్పటి పీసీ దాదాపు అంతా 12 వోల్టుల మీదే నడుస్తుంది, కాబట్టి మీకు అందేది ఆ 264లోంచే. వెనక 115/230 అని ఎర్ర స్విచ్ ఉంటే అది పాతకాలపు డిజైన్, యాక్టివ్ పీఎఫ్‌సీ లేదు. క్యాబినెట్‌తో పాటు ‘ఫ్రీ’గా వచ్చేవి ఎక్కువగా ఈ కోవవే. స్విచ్ లేనంత మాత్రాన మంచిదనుకోవద్దు.

రెండు జాబితాల్లో రెండు ర్యాంకులుంటే అక్షరాలతో కుస్తీ పట్టకండి. ఒకరు శబ్దానికి మార్కులు తీస్తారు, ఇంకొకరు వారంటీకి కలుపుతారు. ‘బి’కీ ‘ఎ’కీ మధ్య తేడా చాలాసార్లు అభిరుచి. ‘సి’కీ చిట్టచివరి మెట్టుకూ మధ్య తేడా మాత్రం భద్రత. అందుకే నేను జాబితాను కింది నుంచి చదువుతాను: ఏవి కొనకూడదో కొట్టేసి, మిగిలినవాటిలో వారంటీ, ధర, దగ్గర్లో సర్వీస్ సెంటర్ చూసుకుంటాను.

7. ర్యాంకు చూస్తే అడుగున, పీసీ మాత్రం బాగానే నడుస్తోంది

గ్రాఫిక్స్ కార్డు లేని ఆఫీసు పీసీ అయితే వెంటనే మార్చక్కర్లేదు, అందులో వాడకం 100 వాట్ల చుట్టూనే ఉంటుంది. కాకపోతే దానికి కొత్త కార్డు తగిలించే రోజున పాత ఎస్‌ఎంపీఎస్‌ను ఉంచకండి. కార్డు ఇప్పటికే ఉంటే, ఆ పెట్టె ‘రక్షణలు సరిగా పనిచేయవు’ అన్న కారణంతో అడుగున ఉంటే, లక్షణాల కోసం ఎదురుచూడొద్దు. కాలిన వాసన, ఉబ్బిన కెపాసిటర్, ఆగిపోయిన ఫ్యాన్ ఉంటే ఈ రోజే తీసేయండి. తేలిక లోడులో ఫ్యాన్ తిప్పని మోడళ్లు కూడా ఉన్నాయి, కాబట్టి గేమ్ పెట్టి చూశాక తేల్చుకోండి. పెట్టె విప్పి మాత్రం చూడకండి. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు నిలిచే ఉంటుంది.

8. కొత్త ఎస్‌ఎంపీఎస్ పెట్టగానే హార్డ్‌డిస్క్ చనిపోయింది

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: పాత మాడ్యులర్ కేబుళ్లను, అంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి ఊడదీయగలిగేవాటిని, కొత్త పెట్టెకు తగిలించారు. ఎస్‌ఎంపీఎస్ వైపు కొనకు అందరికీ వర్తించే ప్రమాణం లేదు. ఒకే బ్రాండులో కూడా వరుసను బట్టి పిన్ల అమరిక మారుతుంది. కనెక్టర్ చక్కగా దూరుతుంది, 5 వోల్టులు రావాల్సిన చోటికి 12 వస్తాయి. కేబుళ్లు నీట్‌గా సర్ది ఉన్నాయి కదా అని ఉంచేయకుండా పాతవన్నీ లాగేసి, కొత్త బాక్సులోవే వేయండి. పాత కేబుళ్లను పాత ఎస్‌ఎంపీఎస్‌తో కలిపి కట్టి, మోడల్ పేరు రాసి పక్కన పెట్టండి.