గ్రౌండ్‌కి తాళం పడకముందే: పిల్లల టీమ్ నడిపేవాళ్లకి కొన్ని జాగ్రత్తలు

కోవిడ్ వల్ల 2020లో దేశమంతా లాక్‌డౌన్ అన్న ప్రకటన మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి వచ్చింది, అర్ధరాత్రికల్లా అమల్లోకి వచ్చేసింది. మరుసటి ఏడు కర్ణాటకలో ఏప్రిల్ 26న చెప్పి 27 రాత్రి నుంచి మూసేశారు. అంటే ఒకసారి నాలుగు గంటలు, ఇంకోసారి ఒక రోజు. ఆ కాస్త టైమ్‌లో సరుకులు తెచ్చుకోవాలా, ఊరికి బస్సు చూసుకోవాలా, పిల్లల టీమ్ గురించి ఆలోచించాలా? అందుకే మళ్లీ అలాంటి జబ్బేదో వస్తోందని వార్తలు మొదలైతే, గ్రౌండ్ ఇంకా తెరిచి ఉండగానే చేసుకోవాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. బెంగళూరులో మారతహళ్లి, కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్ వైపు మన తెలుగువాళ్ల పిల్లలతో టీములు నడుపుతున్న కోచ్‌లు, తల్లిదండ్రులు ముఖ్యంగా వినాలి. ఎందుకంటే మన టీముల్లో సగం మందికి బెంగళూరుతో పాటు ఇంకో ఊరు ఉంది. లాక్‌డౌన్ అనగానే కదిరికో, హిందూపురానికో, మదనపల్లెకో వెళ్లిపోతారు.

మొదటి పని ఒక నోట్‌బుక్. ఫోన్‌లో కాదు, కాగితం మీదే రాయండి. ప్రతి పిల్లవాడి పేరు పక్కన అమ్మ నంబరు, నాన్న నంబరు, ఊళ్లో తాతయ్యదో మేనమామదో ఒక నంబరు ఉండాలి. ఫోన్ ఎవరిది, ఏ టైమ్‌లో ఇంట్లో ఉంటుందో కూడా అడిగి రాసుకోండి. నాన్న డెలివరీ పనికి పోతే ఆ ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోనూ రాత్రి తొమ్మిది దాకా బయటే ఉంటుంది. సాయంత్రం ఆరింటికి ఆన్‌లైన్ ప్రాక్టీస్ పెట్టి "వాడు రావట్లేదు" అనుకుంటే ఎలా? ఆస్తమా, ఫిట్స్, గుండె సమస్య లాంటివి ఉన్నాయా అన్నది తల్లిదండ్రులనే అడిగి రాసుకోవాలి. నోట్‌బుక్‌కి ఒక కాపీ తీసి నమ్మకమైన ఇంకో పెద్దవాళ్ల దగ్గర ఉంచండి, కోచ్‌కే జబ్బు చేస్తే పనికొస్తుంది.

రెండోది, టీమ్‌ని నలుగురు నలుగురుగా విడగొట్టడం. ఇరవై మంది ఉన్న వాట్సాప్ గ్రూప్‌లో వారం తిరిగేసరికి గుడ్ మార్నింగ్ మెసేజ్‌లే మిగులుతాయి. మాట్లాడే నలుగురే మాట్లాడతారు, మిగతావాళ్లు చూసి ఊరుకుంటారు. అదే నలుగురున్న గుంపులో ఒకరు రెండు రోజులు పలకకపోతే వెంటనే తెలిసిపోతుంది. ఒక్కో గుంపులో కాస్త పెద్ద పిల్లాడో పిల్లో ఉండాలి, మిగతావాళ్లు అన్నా అనో అక్కా అనో పిలిచేవాళ్లు. స్కూలు ఫ్రెండ్స్‌నే ఒక చోట వేయకండి, అపార్ట్‌మెంట్ పిల్లల్నీ పక్క వీధి పిల్లల్నీ కలపండి. తెలుగు, కన్నడ, తమిళం మాట్లాడేవాళ్లు కలిసి ఉంటే ఇంకా మంచిది, గ్రౌండ్‌లో ఎలాగూ కలిసే ఆడతారు కదా.

వీడియో కాల్ వారానికి రెండుసార్లు చాలు. జూమ్ ఉచితంగా ఇచ్చే నలభై నిమిషాలు పిల్లలకి సరిగ్గా సరిపోతాయి. కానీ కెమెరా ఆన్ చేయమని ఎవర్నీ బలవంతపెట్టొద్దు. ఒకటే గదిలో ఐదుగురు ఉండే ఇంట్లో, వెనకాల అమ్మ వంట చేస్తుంటే, పక్కన తమ్ముడు ఏడుస్తుంటే, పన్నెండేళ్ల పిల్ల కెమెరా ముందు స్క్వాట్స్ చేయడానికి ఎంత నామోషీ పడుతుందో ఒక్కసారి ఆలోచించండి. ఆ పిల్లకి మామూలు ఫోన్ కాల్ చేసి "ఈరోజు గోడకి బంతి కొట్టి ఎన్నిసార్లు పట్టావు తల్లీ?" అని అడిగితే చాలు. నెట్ సరిగా లేని ఊళ్లలో ఉన్నవాళ్లకీ ఇదే పద్ధతి. టీమ్‌లో ఉన్నానన్న నమ్మకం పిల్లలకి తప్పకుండా కావాలి, ఆ ఫోన్ కాల్ చేయాల్సింది మనమే.

పిల్లలతో ఆన్‌లైన్‌లో ఉన్నప్పుడు కొన్ని విషయాల్లో మొహమాటం పనికిరాదు. ప్రతి కాల్‌లో ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. కోచ్ ఏ పిల్లకీ పిల్లాడికీ విడిగా, రాత్రిపూట మెసేజ్ పెట్టకూడదు, పెట్టాల్సి వస్తే తల్లిదండ్రుల ఫోన్‌కే. పిల్లలు పంపిన ఎక్సర్‌సైజ్ వీడియోలు స్టేటస్‌లో పెట్టకూడదు. "లావయ్యావేంట్రా" అన్న మాట సరదాకి కూడా అనొద్దు.

ఇక ఇంట్లో వ్యాయామం. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి సగటున రోజుకి 60 నిమిషాలు ఒక మోస్తరు నుంచి గట్టి వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఒకేసారి గంట చేయించక్కర్లేదు, ఇరవై నిమిషాల చొప్పున మూడుసార్లు చేసినా సరే. క్రికెట్ పిల్లలు పాత సాక్సులో బంతి వేసి, ముడి కట్టి, తాడుతో దండేనికి వేలాడదీసి స్ట్రెయిట్ డ్రైవ్ ప్రాక్టీస్ చేయొచ్చు. బంతి కంటి ఎత్తుకి కాకుండా మోకాలి కింద దాకా దిగాలి, లేకపోతే తల పైకి లేపి ఆడే అలవాటు పడుతుంది. బ్యాడ్మింటన్ వాళ్లకి నేల మీద చాక్‌పీస్‌తో ఆరు గుర్తులు పెట్టించి ఫుట్‌వర్క్ చేయించండి. కబడ్డీ వాళ్లు ఎవర్నీ ముట్టుకోకుండానే గీత దగ్గర అడుగులు, కూత సాధన చేసుకోవచ్చు.

టెర్రస్ విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. బెంగళూరు పాత బిల్డింగులు కొన్నిట్లో పిట్టగోడ నడుము ఎత్తు కూడా ఉండదు. వాటర్ ట్యాంక్ పైపులు కాళ్లకి అడ్డం పడతాయి, వాన పడితే పాచి. పెద్దవాళ్లు పక్కన లేకుండా టెర్రస్ మీద ప్రాక్టీస్ వద్దు, క్యాచింగ్ అయితే అసలే వద్దు, పైకి చూస్తూ వెనక్కి నడిచే ఆట అది. ఇంట్లో స్కిప్పింగ్ చేసేవాళ్లు కింద ఇంటివాళ్లని అడిగి టైమ్ పెట్టుకోండి, పొద్దున ఆరింటికి నెత్తి మీద దబదబ మోగితే ఎవరికైనా కోపం వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎండలో ఏమీ వద్దు.

ఫీజు గురించి కూడా ముందే కూర్చుని మాట్లాడుకోండి. కట్టలేని ఇంటి పిల్లని టీమ్‌లోంచి తీసేయకూడదు. అలాగని కోచ్ సార్‌కి, గ్రౌండ్ చూసుకునే మనిషికి నెల జీతం ఆపేస్తే వాళ్లిల్లు ఎలా గడుస్తుంది? ఇవ్వగలిగినవాళ్లు కొంచెం ఎక్కువ వేసి ఇప్పటినుంచే చిన్న నిధి పెట్టుకుంటే ఆ రోజు ఎవర్నీ అడుక్కోవాల్సిన పనుండదు.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కావాల్సింది గ్రౌండ్ మళ్లీ తెరిచినప్పుడు. భారత హాకీ జట్లు 2020 లాక్‌డౌన్‌లో ఇక్కడ బెంగళూరులోని సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) క్యాంపస్‌లోనే ఉండిపోయాయి. తర్వాత సెలవులకి ఇళ్లకెళ్లి ఆగస్టులో తిరిగొచ్చినప్పుడు పురుషుల జట్టులో కెప్టెన్‌తో సహా ఆరుగురికి కోవిడ్ తేలింది. అంత కట్టుదిట్టమైన చోటే అలా జరిగిందంటే, ఊళ్ల నుంచి వచ్చిన మన పిల్లల్ని మొదటి రోజే అందర్నీ ఒకచోట చేర్చడం తగదు. మొదట ఐదారుగురి గుంపులు, రోజూ అదే గుంపు. ఎవరి బాటిల్, టవల్, హెల్మెట్, గ్లోవ్స్ వాళ్లవే. రేకుల షెడ్‌లో కిటికీల్లేని బ్యాడ్మింటన్ కోర్టు కంటే ఆరుబయట ప్రాక్టీస్ మేలు. మాస్క్ ఆటోలో, బెంచ్ మీద పెట్టుకోవాలి, పరిగెత్తేటప్పుడు తీసేయాలి. బంతికి ఉమ్ము రాయడాన్ని అంతర్జాతీయ క్రికెట్ సంస్థ ఐసీసీ 2020లో తాత్కాలికంగా ఆపి 2022లో పూర్తిగా నిషేధించింది, పిల్లలకి ఆ అలవాటు ఇప్పుడే మాన్పించండి. కబడ్డీ లాంటి పట్టుకునే ఆటలు అన్నిటికంటే చివర్లో మొదలుపెట్టాలి.

జబ్బు చేసి లేచిన పిల్లల్ని వెంటనే పరిగెత్తించొద్దు. మాత్ర వేసుకోకుండానే జ్వరం పూర్తిగా తగ్గాలి, మెట్లెక్కితే ఆయాసం రాకూడదు. ఆ తర్వాత నడక, తర్వాత మెల్లగా పరుగు, ఆ తర్వాతే ఆట. జబ్బు గట్టిగా చేసిన పిల్లయితే డాక్టర్ సరే అన్నాకే గ్రౌండ్‌కి రావాలి. ఆడుతుండగా ఛాతీలో నొప్పి, గుండె దడ, కళ్లు తిరగడం ఏది వచ్చినా ఆట అక్కడికక్కడే ఆపి డాక్టర్‌కి చూపించండి. "ఏం కాదులే, నీరసం" అని తోసేయొద్దు.

నెలల తరబడి ఇంట్లో ఉన్న పిల్లలు పొడుగవుతారు. పాత షూ బొటనవేలిని నొక్కుతుంది, బ్యాట్ పొట్టిదైపోతుంది, హెల్మెట్ బిగుసుకుంటుంది. మొదటి రోజు ప్రాక్టీస్ పక్కనపెట్టి ఇవి చూడండి. ఒకరికి చిన్నవైనవి ఇంకొకరికి సరిపోతాయి, బాగా కడిగి, ఆరబెట్టి మార్పిస్తే కొత్తవి కొనే ఖర్చు తగ్గుతుంది. పేస్ బౌలర్ పిల్లల్ని ఒక్కసారిగా స్పెల్ (వరుసగా కొన్ని ఓవర్లు) వేయనిస్తే నడుము ఎముకకి దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. మొదటి వారం సగం రనప్‌తో కొన్ని బంతులే, తర్వాత వారానికి కొంచెం కొంచెం పెంచుతూ పోవాలి. పక్క కాలనీ వాళ్లు మ్యాచ్ పెడదామని ఎంత అడిగినా కనీసం నెల రోజుల దాకా ఒప్పుకోకండి.