మన తరఫున వైద్య నిర్ణయాలు తీసుకునే వ్యక్తిని నియమించుకోవడం ఎలా?

"జీపీఏ రాసిచ్చాను కదా, ఆసుపత్రి విషయాలు కూడా మా అబ్బాయే చూసుకుంటాడు" అని చాలామంది పెద్దవాళ్లు ధీమాగా ఉంటారు. జీపీఏ అంటే మన తరఫున వ్యవహారాలు నడిపే అధికారాన్ని మరొకరికి ఇచ్చే పత్రం. కానీ ఆ ధీమా ప్రమాదకరం. భారత కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చిన వ్యక్తి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం రద్దవుతుంది. అంటే సరిగ్గా అవసరం పడే వేళకే ఆ కాగితం చెల్లకుండా పోవచ్చు.

వైద్యం విషయంలో చెల్లే పత్రం వేరే ఉంది. అది ముందస్తు వైద్య నిర్దేశం. వాడుకలో లివింగ్ విల్ అంటారు. 2018 మార్చి 9న కామన్ కాజ్ అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దీనికి గుర్తింపునిచ్చింది. మొదట మేజిస్ట్రేటు సంతకం కూడా తప్పనిసరి అన్నారు. అది సామాన్యుడికి సాధ్యమయ్యే పని కాదు. 2023 జనవరి 24న సుప్రీంకోర్టే ఆ నిబంధనను సడలించింది.

ఈ పత్రం పరిధి చిన్నదని ముందే తెలుసుకోవాలి. జబ్బు నయమయ్యే ఆశ లేక, సుదీర్ఘ చికిత్సలో ఉండి, స్వయంగా నిర్ణయం చెప్పలేని స్థితికి చేరినప్పుడే ఇది అమలులోకి వస్తుంది. వెంటిలేటర్, డయాలసిస్, గొట్టం ద్వారా ఆహారం వంటివి వద్దనడానికో, మొదలుపెట్టినవి ఆపడానికో మీరు నియమించిన వ్యక్తి సమ్మతి ఇవ్వగలరు. అదీ మీరు రాసిన దానికి లోబడే. ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇవ్వమని కోరే హక్కు ఎవరికీ లేదు, అది నేరం. నొప్పి తగ్గించే వైద్యం మాత్రం చివరిదాకా అందాల్సిందే. ఆ మాట పత్రంలో స్పష్టంగా రాయండి.

ఎవరిని నియమించాలి?

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే. పెద్దకొడుకన్న మర్యాద కోసమో, అల్లుడు నొచ్చుకుంటాడనో పేరు రాయకండి. మీ మీద ఎంత ప్రేమ ఉన్నా, ఐసీయూ ముందు నిలబడి మీ కోరికను గట్టిగా చెప్పలేనివారు ఈ బాధ్యతకు తగరు. 2023 తీర్పు ప్రకారం ఒకరికంటే ఎక్కువ మంది సంరక్షకుల లేదా దగ్గరి బంధువుల పేర్లు రాయవచ్చు. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న ఇళ్లకు ఇది ఎంతో మేలు. దూరాన ఉన్న కూతురి పేరుతో పాటు, పిలిస్తే గంటలో రాగల తమ్ముడి పేరో మేనకోడలి పేరో చేర్చండి. ఇద్దరి మధ్య అభిప్రాయభేదం వస్తే ఎవరి మాట చెల్లాలో కూడా రాయండి. సంతకానికి ముందే వారితో కూర్చుని మాట్లాడండి. సంగతి తర్వాత తెలిస్తే వారు భయంతో వెనక్కి తగ్గవచ్చు.

రాసే విధానం

18 ఏళ్లు నిండి, మానసికంగా ఆరోగ్యంగా ఉన్నవారెవరైనా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయవచ్చు. ఏ పరిస్థితిలో ఏ చికిత్స వద్దో విడమరిచి రాయండి. "అనవసర వైద్యం వద్దు" అంటే చాలదు. అస్పష్టంగా ఉన్న పత్రాన్ని, దాన్ని పరిశీలించే వైద్యుల బోర్డు పక్కన పెట్టవచ్చు. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేయాలి. వారు మీ వారసులు కాకపోతే మంచిది. తర్వాత నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ, మీరు అర్థం చేసుకుని స్వచ్ఛందంగా రాశారని ధ్రువీకరించాలి.

ప్రతులు మీరు నియమించిన వారికి, మీ కుటుంబ వైద్యుడికి ఇవ్వాలి. మరొకటి పంచాయతీ, మున్సిపాలిటీ లేదా కార్పొరేషన్‌లో అందజేయాలి. దాన్ని భద్రపరిచే అధికారిని ఆ సంస్థే నియమించాలి. కౌంటర్లో ఉన్నవారికి ఈ సంగతి తెలియకపోతే వెనక్కి రావద్దు. కమిషనర్ లేదా పంచాయతీ కార్యదర్శి పేరిట అర్జీ రాసి, ప్రతి జతచేసి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

ఆసుపత్రిలో ఏం జరుగుతుంది?

వైద్యుడు ముందు పత్రం అసలుదో కాదో నిర్ధారించుకుంటారు. చికిత్స చేస్తున్న వైద్యుడు, కనీసం 5 ఏళ్ల అనుభవమున్న మరో ఇద్దరు నిపుణులతో ప్రాథమిక బోర్డు కూర్చుంటుంది. తర్వాత జిల్లా ప్రధాన వైద్యాధికారి నియమించిన వైద్యుడు ఉండే రెండో బోర్డు పరిశీలిస్తుంది. ఒక్కో బోర్డూ వీలైనంతవరకు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. అమలుకు ముందు ఆసుపత్రి మేజిస్ట్రేటుకు తెలియజేస్తుంది. బోర్డు నిరాకరిస్తే హైకోర్టుకు వెళ్లవచ్చు.

మానసిక అనారోగ్యానికి సంబంధించిన చికిత్సకు ఈ పత్రం సరిపోదు. దానికి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 14వ సెక్షన్ కింద, తెల్లకాగితంపై రాసి సంతకం లేదా వేలిముద్ర వేసి విడిగా ప్రతినిధిని నియమించుకోవాలి.

మనసు మారితే ముందస్తు నిర్దేశాన్ని ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేయవచ్చు, కొత్తది రాయవచ్చు. రెండు పత్రాలుంటే చివరగా సంతకం చేసినదే చెల్లుతుంది. అందుకే తేదీ స్పష్టంగా వేయండి. పాత ప్రతులు ఇచ్చిన ప్రతి ఒక్కరికీ, స్థానిక సంస్థకు కూడా, మార్పును కాగితంపైనే తెలియజేయండి.